మిట్టమధ్యాహ్నం చచ్చిన నుయ్యి

ఒకానొక ఇసుక రాజ్యంలో, చినుకు పడితే పండగ చేసుకునే దేశంలో, మణిధ్వజుడనే రాజు ఉండేవాడు. తెలివికి కొదవేమో గాని దర్పానికి కొదవ లేదు. "నా ముద్ర పడ్డ చట్టం, రాసినవాడే వచ్చి కొట్టేయమంటే తప్ప మారదు" అన్నది ఆయన పట్టు.

ఆ కొలువులో కూపాచార్యులనే పండితుడున్నాడు. ఏనాడూ చేదతాడు పట్టిన పాపాన పోలేదు గాని, నూతుల మీద పెద్ద నిఘంటువు రాశాడు. ఏ నూతిని ఏ పేరుతో పిలవాలో, ఏ పేరుదానికి ఏ చట్టమో అన్నీ అందులోనే. "మూడు మార్లు చేద వేసినా ఖాళీగా వచ్చినది మృతకూపము. పూడ్చవలెను" అని ఒక పుటలో ఉంది. రాజుగారు చదవకుండానే ముద్ర గుద్దారు.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆచార్యులవారు గొల్లదిబ్బ పల్లెకు వెళ్లి, అక్కడి నూతిలో మూడు మార్లు చేద వేయించారు. చుక్క రాలేదు.

"చచ్చింది! రేపు సాయంత్రానికి పూడ్చేయండి" అన్నారు.

నలభై గడపలకు అదొక్కటే నుయ్యి. దానికి కాపున్న సూరమ్మ, కొలువులో హాస్యగాడైన చెన్నప్ప దగ్గరికి లబోదిబోమంటూ పరుగెత్తింది.

"అయ్యా, మా నుయ్యి చావలేదు. పొద్దున్నే అందరం తోడుకుని మూత వేస్తాం. ఆపైన ఎవరం తాడు ముట్టం. తెల్లారేసరికి మళ్లీ ఊరుద్ది. తాతలనాటి కట్టుబాటు. పూడిస్తే మా పిల్లలేం తాగాలయ్యా?"

"ఏడవకు తల్లీ. ఆచార్యులవారు భోంచేశాక ఏం చేస్తారో నాకు తెలుసు" అన్నాడు చెన్నప్ప.

మర్నాడు మధ్యాహ్నం కొలువులోకి నలుగురు మనుషులు ఒక పట్టెమంచం మోసుకొచ్చారు. దాని మీద ఆచార్యులు. వెనక చెన్నప్ప, కళ్లు తుడుచుకుంటూ.

"ప్రభూ, ఆచార్యులవారు పోయారు. మూడు మార్లు పిలిచాను. మూడు పిలుపులూ ఖాళీగా తిరిగొచ్చాయి."

"గురక వినిపిస్తోందే!"

"గొల్లదిబ్బ నూతి అడుగున చెమ్మ కూడా కనిపించింది ప్రభూ. ఆచార్యులవారు దాన్ని లెక్కచేయలేదు. చట్టం చట్టమే. గొయ్యి తవ్వించాను, పూడ్చేద్దాం."

ఆ మాటకు ఆచార్యులు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఓరి అప్రాచ్యుడా! పెరుగన్నం తిని కునుకు తీస్తున్నానురా! కాసేపాగితే నేనే లేచేవాణ్ణి కాదూ?"

"గొల్లదిబ్బ నుయ్యీ ఆ ముక్కే చెప్పేది, పాపం దానికి నోరు లేదు. అది నలభై గడపల దప్పిక తీర్చి పడుకుంది స్వామీ. మీరు పెరుగన్నం తిని పడుకున్నారు." చెన్నప్ప మోతగాళ్ల వైపు తిరిగాడు. "ముద్ర పడ్డ చట్టం మారదు. ఎత్తండిరా మంచం!"

"ఆగండాగండి! మహారాజా, రాసినవాణ్ణి నేనే అడుగుతున్నాను, ఆ పుట కొట్టేయండి!"

రాజు కిరీటం జారేలా పకపకా నవ్వి, ఆ పుట కొట్టేయించాడు. మర్నాటి తెల్లవారుజామున తానే గొల్లదిబ్బకు వెళ్లి చేద వేశాడు. నిండుగా వచ్చింది. ఆ నీళ్లు తాగి, చదవకుండా ముద్ర వేసినందుకు సూరమ్మ ముందే సిగ్గుపడి, మెడలోని ముత్యాల హారం తీసి చెన్నప్పకు వేశాడు.

ఆచార్యులవారు మాత్రం ఆనాటి నుంచి మధ్యాహ్నం కునుకులో ఆకు కదిలినా సరే, "ఉన్నాను, ఉన్నాను!" అని కలవరించేవారట.