కొమ్మెక్కబోయిన తీతువు

రాళ్ళవాగు అడవిలో గోరింకలు, చిలుకలు, వడ్రంగి పిట్టలు, తీతువులు ఉండేవి. పొద్దుగూకితే అన్నీ చెట్లెక్కేవి. తీతువులు మాత్రం నేల మీదే ఉండిపోయేవి.

ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. ఒక తీతువు వాగు ఒడ్డున గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. దాని మగపక్షి గద్ద పాలైంది. ఇక పనంతా ఒక్కదానిదే. మడుగుకి పోయి పొట్ట ఈకలు తడుపుకోవాలి. వచ్చి గుడ్లను చల్లబరచాలి. ఆరిపోగానే మళ్ళీ పోవాలి. సాయంత్రానికి దాని ఒళ్ళు పులిసిపోయేది.

ఒడ్డున ఉన్న చెట్టు కొమ్మ మీది ఒక గోరింక నవ్వేది. "పిట్టగా పుట్టి, పడుకోవడానికి కూడా మట్టేనా? పైకి రావే, ఎంత చల్లగా ఉందో! కొమ్మెక్కడం కూడా చేతకాదా నీకు?"

రోజూ అవే మాటలు. వినీ వినీ తీతువు ప్రాణం విసిగిపోయింది. ఒక మధ్యాహ్నం రోషం పట్టలేక, గుడ్లను వదిలి కొమ్మ మీదికి ఎగిరింది. కాలు జారి కింద పడింది. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పడింది.

"ఇంకోసారి! ఇంకోసారి!" అని గోరింక రెచ్చగొట్టింది.

ఆ చెట్టు మానునే ఒక ముసలి వడ్రంగి పిట్ట చీమల కోసం పొడుస్తోంది. అది ఆగి నిట్టూర్చింది.

"తల్లీ, నీ కాలు ఒకసారి చూసుకో. గోరింకకు ముందు మూడు వేళ్ళు, వెనక ఒకటి. ఆ వెనక వేలే కొమ్మను బిగించి పట్టేది. నాకు ముందు రెండు, వెనక రెండు. అందుకే నిలువు మానును కరుచుకుని ఉండగలను. నీకు ముందు మూడే. వెనక వేలు ఉన్నా లేనట్టే. నీవి పరుగెత్తే కాళ్ళమ్మా."

"అయితే నా బతుకింతేనా తాతా? అలసిపోయాను."

"నేనూ అలసిపోయాను. పొద్దున్నుంచి పొడుస్తుంటే పది చీమలు కూడా దొరకలేదు. నీ గుడ్లు ఎండలో ఉన్నాయి, ముందు వెళ్ళు."

తీతువు మడుగుకి ఎగిరింది. మడుగులో తడిసి పరుగున వచ్చింది. గుడ్లు పెనం మీద ఉన్నట్టు కాలుతున్నాయి. రెక్కలు విప్పి నీడ పట్టింది. ఆ తర్వాత గోరింక ఏమన్నా తల ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం తర్వాత పదో రోజున మూడు గుడ్లు పగిలాయి. ఒళ్ళు ఆరగానే పిల్లలు రాళ్ళ మీద గునగునా పరుగులు తీశాయి. నాలుగోది ఆనాటి ఎండకు తట్టుకోలేదు, పగల్లేదు. తీతువు దాని మీద ఇంకో రోజు కూర్చుని చూసింది. తర్వాత మెల్లగా లేచి పిల్లల వెంట నడిచింది.

నీతి: ఎగతాళికి రోషపడి చేతకాని పనికి పోతే, చేయవలసిన పని చెడుతుంది.