హైమవతి రాసిన తప్పు జవాబు

అనగా అనగా, సముద్రపు గాలి తగిలే ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక విశ్వవిద్యాలయం. అక్కడ వృక్షశాస్త్రం చదివేవారిలో హైమవతిది ఎప్పుడూ మొదటి స్థానమే.

సందేహాలు తీర్చుకోవడానికి ఆ తరగతి పిల్లలు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అందులో ముత్యాలు అనే అమ్మాయి ఉంది. మార్కులు అంతంతమాత్రం. కానీ తెలియనిది అడగడానికి సిగ్గుపడదు. "ఇది నా బుర్రకెక్కలేదర్రా, ఎవరైనా చెప్పండి" అనేది. ఒకరు బొమ్మ గీసి పంపేవారు, ఇంకొకరు గొంతు రికార్డు చేసి పంపేవారు. ముత్యాలు అన్నీ విని తన మాటల్లో తేల్చి చెప్పేది. అందరూ మెచ్చుకునేవారు.

హైమవతికి కడుపు మండింది. "మార్కులు నావి, మెప్పు దానిదా!" అనుకుంది.

మొదట, జవాబులు తెలిసినా పెదవి విప్పలేదు. ఆ మౌనాన్ని ఎవరూ గమనించనైనా లేదు.

తర్వాత, "ఇంత చిన్న సంగతి తెలియకుండా ఇక్కడిదాకా ఎలా వచ్చావు?" అని అందరి ముందూ ఎత్తిపొడిచింది.

"తెలియకనే కదా హైమా అడిగేది! నువ్వే చెప్పవూ?" అంది ముత్యాలు. ఆ మాటకు అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. హైమవతికి ఆ పూట అన్నం సయించలేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. "మడచెట్ల వేళ్లు బురదలోంచి పైకెందుకు పొడుచుకొస్తాయి?" అని ముత్యాలు అడిగింది. బురదలో గాలి ఆడదు గనుక ఊపిరి కోసమని హైమవతికి తెలుసు. తెలిసీ, "మంచు తాగడానికి" అని రాసింది. "అందరూ ఇదే రాసి బోల్తా పడండి" అనుకుంటూ గ్రూపులోంచి తప్పుకుంది.

"హైమ చెప్పిందంటే సరైనదే" అన్నారు కొందరు.

"మరి మంచు కురవని ఎండాకాలంలో ఏం తాగుతాయి?" అంది ముత్యాలు.

వాదన చెలరేగింది. వాళ్లలో నూకరాజు అనేవాడు మడ అడవికి వెళ్లి, ఒక వేరు కోసి వీడియో పంపాడు. లోపలంతా స్పాంజిలా గాలి గదులు! పుస్తకాలు తిరగేసి, ఊపిరి కోసమేనని అందరూ తేల్చుకున్నారు.

మౌఖిక పరీక్షకు ఇద్దరిద్దరిని పిలిచారు. ఆచార్యులవారు హైమవతిని అదే ప్రశ్న అడిగారు.

"ఊపిరి కోసమండీ" అంది ఠక్కున.

"ఇంకో పనికి కాదని ఎలా చెప్పగలవమ్మా?"

హైమవతి పుస్తకంలోని వాక్యాన్నే మళ్లీ అప్పజెప్పింది. పక్కనే ఉన్న ముత్యాలు గాలి గదుల సంగతితో సహా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆచార్యులవారు మురిసిపోయారు.

"మా హైమ చలవేనండీ. తను ఆ జవాబు పెట్టకపోతే మేం ఇంత వెతికేవాళ్లం కాదు" అంది ముత్యాలు. ఆ మాటలో దెప్పు లేదు. అందుకే హైమవతి తలెత్తలేకపోయింది.

బయటికొచ్చాక హైమవతి ముత్యాలు చెయ్యి పట్టుకుంది. "కావాలనే తప్పు రాశానే. నీమీద కుళ్లుతో."

ముత్యాలు చెయ్యి విడిపించుకుంది. "నీ తప్పు జవాబు వల్ల మోకాలిదాకా బురదలో దిగినవాడు నూకరాజు. కావాలనే రాశానన్న మాట నాకు కాదు, అందరికీ చెప్పు" అంది.

హైమవతి మళ్లీ గ్రూపులో చేరి, జరిగింది జరిగినట్టు రాసింది. కొందరు తిట్టారు. కొందరు చాన్నాళ్లు మాట్లాడలేదు. ఆమె మాత్రం ఈసారి తప్పుకోలేదు. తెలిసింది చెబుతూ, తెలియంది అడుగుతూ అక్కడే ఉండిపోయింది.

పక్కవారి చదువు చూసి కుళ్లుకునేవారి చదువు అక్కడే ఆగిపోతుంది. నలుగురితో కలిసి వెతికేవారి చదువు ముందుకు సాగుతుంది.