పగిలిన బానలో కొత్త కాపురం

అనగా అనగా అనగా, మబ్బులు కొండ దిగి వచ్చి మన గడప ముందు కాసేపు కూర్చుని పోయే కాలంలో, మొగిలిగండి అని ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో పొద్దున్నే పొగమంచు ఎంత దట్టంగా పట్టేదంటే, పక్కింటావిడ మాట వినబడేది గానీ మనిషి కనబడేది కాదు. నవ్వకండి, మా అమ్మమ్మ చెప్పింది చెబుతున్నాను, నేను కల్పించింది కాదు.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒక ఆడమనిషి. ఊరూరా కూలి చేసుకుంటూ తిరిగి తిరిగి, చివరికి అక్కడ కాలు నిలిపింది. ఒక గుడిసె, దాని వెనక చారెడు పెరడు. పెరట్లో ఒక చిక్కుడు పందిరి, ఒక గుమ్మడి పాదు. "ఇది నాది" అని చెప్పుకోవడానికి లోకంలో ఆమెకు ఉన్నది అంతే.

అయితే ఆ రాజ్యంలో ఒక పాడు చట్టం ఉండేది. వరసగా మూడు కాపులు తప్పిన పెరడు రాజుగారికి పోతుంది. నాంచారి పాదుకు అప్పటికే రెండు కాపులు తప్పాయి. తీగ పచ్చగా పాకేది. పసుపుపచ్చని పూలు విచ్చేవి. పూల కింద గోలీలంత పిందెలు తొంగిచూసేవి. నాలుగు రోజులు తిరిగేసరికి అవన్నీ పండుబారి రాలిపోయేవి.

ఒక్క నాంచారి ఇంట్లోనే కాదు, ఊరంతా ఇదే గోల. దిష్టి తగిలిందన్నారు కొందరు. మట్టిలో సారం పోయిందన్నారు ఇంకొందరు. దిష్టి తీశారు, పెంట తోలారు. పిందెలు రాలుతూనే ఉన్నాయి.

నాంచారి ఒకరోజు పని మానుకుని పూల పక్కనే కూర్చుంది. పొద్దున విచ్చిన పూలు మిట్టమధ్యాహ్నానికి ముడుచుకుపోయాయి. ఒక్క ప్రాణి వచ్చి వాలలేదు. "పందిరి వేశారు, భోజనాలు వండారు, ఒక్క చుట్టమూ రాలేదే!" అనుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది.

వెంటనే లేచి కొండెక్కింది. అక్కడ బయ్యన్న అని ఒక ముసలాయన ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ తేనె తీసిన చేతులు ఆయనవి.

"తాతా, మా ఊరికి తేనెటీగలు ఎందుకు రావడం లేదు?" అని అడిగింది.

"ఎట్లా వస్తాయే పిచ్చితల్లీ? రాజుగారి పెళ్ళికి నూరు కుండల తేనె కావాలన్నారు. మీ ఊరివాళ్ళే కాగడాలు పట్టుకొచ్చి కోనలో ఉన్న తేనెపట్లన్నీ కాల్చేశారు. ఈగ వాలితేగదా పిందె నిలిచేది! ఒక్క మద్దిచెట్టు తొర్రలో ఒకే ఒక్క కాపురం మిగిలింది."

"మరి నేనేం చెయ్యను తాతా? సంతలో పట్నం వర్తకుడు ఈగలతో సహా పెట్టె అమ్ముతున్నాడు. చందనపు పెట్టెకు ఇత్తడి గొళ్ళెం. పెట్టెకు ఒక పాడి ఆవు ఇమ్మంటున్నాడు. నాకు మేకపిల్ల కూడా లేదు."

బయ్యన్న పకపకా నవ్వాడు. "ఈగల్ని కొనడమెందుకే? ఇల్లు కట్టి ఊరుకో. పూలకాలంలో వాటి ఇల్లు కిటకిటలాడిపోతుంది. అప్పుడు మన ఇళ్ళలోలా కూతురు అత్తారింటికి పోదు. తల్లే ఇల్లు కూతురికి వదిలేసి, సగం మందిని వెంటబెట్టుకుని, కట్టుబట్టలతో బయటికి వచ్చేస్తుంది. కొత్త ఇల్లు వెతకమని ముందు వేగుల్ని పంపుతుంది. ఆ వేగులకు నీ ఇల్లు నచ్చాలి, అంతే!"

ఆమె బయల్దేరుతుంటే చేతిలో నల్లటి ముద్ద ఒకటి పెట్టాడు. "పాత తేనెపట్టు మైనం. ఇంటి లోపల రుద్దు. పొగ మాత్రం పెట్టకు. మొదటి ఏడు తేనె ముట్టకు."

నాంచారి కొండ దిగి కుమ్మరి దగ్గరికి వెళ్ళింది. ఒక పూటంతా మట్టి తొక్కింది. కూలికి బదులు, కాల్చేటప్పుడు బీటలు వారి పనికిరాదని పక్కన పడేసిన పెద్ద బాన అడిగి తెచ్చుకుంది. చిక్కుడు పందిరి నీడలో మూడు రాళ్ళ మీద దాన్ని పడుకోబెట్టింది. మూతికి చెక్క అడ్డం పెట్టి మట్టితో మెత్తింది. పగులు తూర్పుకు తిరిగి ఉంది. వాకిలి అదే.

పక్కింటి బుచ్చెమ్మ కంచె మీంచి చూసి ముక్కున వేలేసుకుంది. "పగిలిన బానలో ఈగల కాపురమా? ఈగలు వచ్చి గుమ్మడికాయలు కాయిస్తాయా? ఏమే నాంచారీ, ఎండ గానీ తగిలిందా నీకు?"

నాంచారి ఒక్కటి చేసింది చూశారూ! ఆ మైనం ముద్దను వాసన చూసి మొహం చిట్లించింది. "ఛీ, కొత్త కాపురానికి వచ్చేవాళ్ళకు ఇంత మురికి ఇల్లా?" అని, ముద్దను గూట్లో పడేసింది. చెక్క ఊడదీసి బానను బూడిదతో తోమి, లోపలా బయటా సున్నం కొట్టి, ముందు ముగ్గు పెట్టింది. మీ అమ్మయినా అదే చేసేది, కాదంటారా?

మర్నాడు మధ్యాహ్నం పందిరి కింద ఆమెకు కాస్త కునుకు పట్టింది. కునుకులోనో మెలకువలోనో తెలియదు గానీ, సన్నటి గొంతులు వినిపించాయి. మూడు వేగు ఈగలు బాన చుట్టూ తిరుగుతున్నాయి.

"అబ్బ, సున్నం ఘాటు!"

"ఇక్కడ ఎవరూ ఎప్పుడూ కాపురం ఉన్న వాసనే లేదు."

"పదండి పదండి, తల తిరుగుతోంది."

నాంచారి కళ్ళు తెరిచేసరికి ఈగలు లేవు. సిగ్గుపడి, సున్నమంతా గీకి, బానను వారం రోజులు వానలో నానబెట్టింది. మళ్ళీ రాళ్ళ మీద పెట్టింది. ఈసారి మర్యాద సరిగ్గా చెయ్యాలనుకుని, లోపల బెల్లం ముక్క పెట్టి, బయట సాంబ్రాణి వేసింది. అతిథులకు ధూపం వెయ్యకపోతే ఎలా? బయ్యన్న తాత పొగ వద్దన్నాడా, అది ఆమె చెవిన పడిందా, ఆ సంగతి దేవుడికే తెలియాలి.

మళ్ళీ కునుకు, మళ్ళీ ఆ గొంతులు. ఈసారి అవి వణుకుతున్నాయి.

"పొగ! మళ్ళీ పొగ!"

"మా అక్కలు కాలిపోయిన రోజు కూడా ఇదే వాసన."

"ఎగరండి! ఎగరండి!"

నాంచారి గబుక్కున లేచి సాంబ్రాణి మీద నీళ్ళు కుమ్మరించింది. బానలో చీమలు బారులు తీరి బెల్లం మోసుకుపోతున్నాయి. ఆమె నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. "నేను మర్యాద చేస్తున్నాననుకున్నాను గానీ, వాళ్ళకేం కావాలో ఒక్కసారైనా అడగలేదే!" అంది తనలో తాను. కాపు లెక్క చూసే రాజుగారి పెరళ్ళ అధికారి రావడానికి ఇక రెండు నెలలే ఉన్నాయి.

మూడోసారి ఆమె ఏ ఆర్భాటమూ చెయ్యలేదు. బాన కడిగి ఎండబెట్టింది. గూట్లోంచి మైనం ముద్ద తీసి లోపల రుద్ది, మూతిని మళ్ళీ చెక్కతో మూసింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, ఈగలు మునగకుండా గులకరాళ్ళు వేసింది. తర్వాత దూరంగా పోయి తన పని తను చేసుకుంది.

ఏడో రోజు పొద్దున మంచు ఇంకా విడలేదు. ఎండ మంచులోంచి వచ్చి పెరడంతా పసుపు కలిపిన పాలలా అయింది. ఎక్కడి నుంచో ఒక హోరు మొదలైంది. ముందు ఎవరో దూరంగా జోలపాట పాడుతున్నట్టు ఉంది. దగ్గరైనకొద్దీ గాలే పాడుతున్నట్టు ఉంది. వేల ఈగలు మంచులో బంగారు రవ్వల్లా తిరుగుతూ వచ్చి కంచె పక్కనున్న మునగకొమ్మకు గుత్తిగా వేలాడాయి. నాంచారి పక్కనే నిలబడింది. ఆమె చేతి మీద వాలాయి, జుట్టులో వాలాయి, ఒక్కటీ కుట్టలేదు. కాపాడుకోవడానికి ఇల్లే లేని ఈగలకు కోపం ఎందుకుంటుంది?

మూడు వేగులు బానలోకి వెళ్ళి వచ్చాయి.

"మన అమ్మమ్మల ఇంటి వాసన వస్తోంది."

"నీడ ఉంది, నీళ్ళున్నాయి."

"పొగ లేదు. అమ్మా, వచ్చెయ్!"

అప్పుడు ఆ గుత్తి కదిలింది. సన్నటి తేనె ధారలా పగుల్లోంచి బానలోకి జారిపోయింది. నాంచారి ఊపిరి బిగబట్టి చూసింది. హోరు బాన లోపలికి వెళ్ళి, మెల్లగా, హాయిగా సద్దుమణిగింది. ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ రోజు అన్నం తినడమే మరిచిపోయింది.

తర్వాత ఆమె మూత తీసి చూడలేదు. తేనె ముట్టలేదు. పూలు విచ్చాయి, ఈగలు వాలాయి, పిందెలు నిలిచాయి.

అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. బుచ్చెమ్మకు భయం పట్టుకుంది. ఆమెకూ రెండు కాపులు తప్పాయి. ఆశ వదులుకుని పాదు వైపు చూడడమే మానేసింది. పొరుగూరు సంత నుంచి నాలుగు గుమ్మడికాయలు తెచ్చి, తన తీగకు నారతో కట్టింది. అధికారి వచ్చిన రోజు తన కాయల పక్కన నిలబడి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది.

అధికారి ఒక కాయను తట్టాడు. నార తెగి కాయ దొర్లుకుంటూ వెళ్ళి ఆయన కాలి మీద పడింది. ఆయన మొహం ఎర్రబడింది.

"రాజుగారినే మోసం చేస్తావా? ఈ పెరడు పోయింది! సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చెయ్!"

బుచ్చెమ్మ నేల మీద కూర్చుండిపోయింది. అధికారి విసురుగా నాంచారి పెరట్లోకి వచ్చాడు. కాయలు పట్టుకుని ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు. తీగ వచ్చిందిగానీ కాయ రాలేదు. కొబ్బరికాయలంత కాయలు, మొత్తం తొమ్మిది. ఆయన మొహం విచ్చుకుంది.

"నీ పెరడు నీదేనమ్మా. నిజాయితీకి బహుమానంగా ఆ పక్క పెరడు కూడా నీకే ఇస్తున్నాను. కంచె తీసేసి కలుపుకో."

రెండింతల పెరడు! నాంచారి ఒక్క క్షణం కంచె వైపు చూసింది. తనను చూసి నవ్విన బుచ్చెమ్మ అక్కడ నేల మీద కూర్చుని ఉంది. సాయంత్రానికి గూడు లేకుండా పోయే మనిషి ఎలా కూర్చుంటుందో నాంచారికి బాగా తెలుసు.

"అయ్యా, ఒక్కసారి నాతో రండి" అని ఆయన్ను బుచ్చెమ్మ పాదు దగ్గరికి తీసుకెళ్ళింది. వంగి, ఒక్కొక్క ఆకూ ఎత్తి చూపించింది. ఆకుల చాటున ఒకటి, రెండు, మూడు! బొద్దుగా, పచ్చగా, తొడిమ గట్టిగా తీగను పట్టుకుని ఉన్న అసలు కాయలు!

"ఆమె కట్టినవి అబద్ధమేనయ్యా. కానీ ఇవి నిజం. మా ఈగలు వాలితే, ఆమెకు తెలియకుండానే కాశాయి."

అధికారి మీసం దువ్వుకున్నాడు. చట్టంలో కాపు కాయాలని ఉంది గానీ, ఎవరి ఈగలు కాయించాలో లేదు. "అబద్ధానికి శిక్షగా ఈ ఏడు నువ్వు ఊరి బాట ఊడ్చాలి" అని బుచ్చెమ్మతో అన్నాడు. "పెరడు మాత్రం నీదే." అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బుచ్చెమ్మ నాంచారి చేతులు పట్టుకుని భోరుమంది. "నా పెరడు నీకు ఇచ్చేశాడు కదే! నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. ఎందుకు చూపించావే?"

"మా ఈగలు కంచె దాటేటప్పుడు నన్ను అడిగాయా అక్కా? నీ పూలు కూడా పూలే అనుకున్నాయి. అవి ఇచ్చి వచ్చినదాన్ని వెనక్కి లాక్కుంటే, రేపు వాటి మొహం ఎలా చూడను?" అంది నాంచారి.

అందుకే పిల్లలూ, మంచిని డబ్బు పెట్టి కొనలేకపోయినా దానికి నచ్చేలా చోటిచ్చి ఓపిక పట్టాలి. అది మన కంచె దాటి పొరుగింటి తీగను కాయిస్తే సంతోషించాలే గానీ, ఆ కాయ మీద చెయ్యి వెయ్యకూడదు.