ఓబమ్మ ఎరుపు, రాజుగారి సొరంగం

సముద్రపు ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. తనకు తెలియని సంగతేదీ తన రాజ్యంలో ఉండకూడదని దాని రాజు గజాంకుశుడి పంతం.

ఆ ఊళ్లో ఓబమ్మ బట్టలకు అద్దకం వేసేది. ఆమె వేసిన ఎరుపు ఎన్నిసార్లు ఉతికినా వెలిసేది కాదు. ఆ కిటుకు అమ్మమ్మ అమ్మకు చెప్పింది, అమ్మ ఓబమ్మకు చెప్పింది. నాలుగో మనిషికి తెలియదు.

ఒకనాడు రాజు ఆమెను సభకు పిలిపించాడు.

"నీ రంగు కిటుకు విప్పి చెప్పు. రాతి మీద చెక్కించి అంగడివీధిలో నిలబెడతాం. ఇరవై ఏళ్లు నువ్వు తప్ప ఎవరూ ఆ రంగు వేయకూడదని శాసనం చేస్తాం. ఆ తర్వాత ఎవరైనా వేసుకోవచ్చు. ఎంత గొప్ప వరం!"

"వద్దు ప్రభూ. ఇరవై ఏళ్ల తర్వాత నా కూతురు ఏం తిని బతుకుతుంది?"

"వరం వద్దన్నవాళ్లకు నా ఊళ్లో అంగడీ వద్దు! రేపటిదాకా ఆలోచించుకో."

ఇదంతా రాజుగారి ఆస్థాన విదూషకుడు మాచన విన్నాడు. బయట ఏడుస్తున్న ఓబమ్మతో, "రేపు నేను మాట్లాడతాను, ఊరుకో అక్కా" అన్నాడు.

మర్నాడు అతను ఓబమ్మతో పాటు ఒక పెద్ద బండనూ, ఒక శిల్పినీ సభకు వెంటబెట్టుకొచ్చాడు.

"రంగు కిటుకు చెక్కడానికేనా?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"అది తర్వాత ప్రభూ, ముందు తమది. కోటలోంచి అడవికి పోయే తమ రహస్య సొరంగం ఎక్కడ మొదలవుతుందో సెలవివ్వండి. చెక్కించి అంగడివీధిలో నిలబెడదాం. ఇరవై ఏళ్లు తమరు తప్ప ఎవరూ అందులో నడవకూడదని శాసనం. ఎంత గొప్ప వరం!"

రాజు గద్దె మీంచి లేచాడు. "మతిపోయిందా మాచనా? ఇరవై ఏళ్ల తర్వాత నా కొడుకు ఏ దారిన తప్పించుకుని బతుకుతాడు?"

"మరి శాసనం లేకుండా ఆ సొరంగం ఎన్నాళ్లు భద్రం ప్రభూ?"

"ఎన్నాళ్లేమిటి! బయటికి చెప్పనంతకాలం..."

మాట మధ్యలోనే ఆగి, రాజు ఓబమ్మ వైపు చూశాడు. అయినా అంత తేలిగ్గా ఒప్పుకుంటే రాజెలా అవుతాడు?

"సరే. రేపు ఇంకొకడు సొంత బుర్రతోనే ఆ రంగు కనిపెడితే?"

"ఆమె అదృష్టం అక్కడితో సరి. ఫిర్యాదుకు రాదు. ఎవడైనా ఆమె పెరట్లో నక్కి చూస్తే మాత్రం వస్తుంది. అప్పుడు తమరు వాణ్ణి దొంగగా పట్టించాలి."

"ఒప్పుకుంటావా ఓబమ్మా?"

"మూడు తరాలు గుట్టు దాచుకున్నాం ప్రభూ. ఇంకో మూడు తరాలు దాచుకోలేమా?"

సరేనన్నట్టు రాజు తలూపాడు. "మాచనా, నిజం చెప్పు. ఆ సొరంగం ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెలిస్తే ఇన్నాళ్లు బతకనిచ్చేవారా ప్రభూ?"

రాజు పగలబడి నవ్వాడు. భుజం మీది ఎర్రశాలువా తీసి మాచనకు కప్పాడు. అది ఓబమ్మ అద్దినదే.

ఏమీ చెక్కని ఆ బండను మాత్రం ఓబమ్మకు ఇప్పించాడు, బట్టలు ఉతుక్కోవడానికి.