దారం తీసినప్పుడల్లా

కోదండపాణిగారు ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆశ్రమం పెట్టకముందు ఆయన నరసాపురంలో టెలిఫోన్ లైన్‌మన్. ఎంత పెద్ద వేదాంతం అడిగినా చివరికి మమ్మల్ని ఏదో ఒక తీగ దగ్గరికే లాక్కొచ్చేవారు.

ఒక ఉదయం కాలేజీ లెక్చరరు శోభనాద్రి ఆయన ముందు తలవంచుకుని కూర్చున్నాడు. "మీ ఎదుట ఉన్నంతసేపూ మీ మాట నాలో నిలుస్తుందండీ. ఇంటికెళ్తే తెగిపోతుంది. ఇక్కడికొస్తే మళ్లీ అతుక్కుంటుంది. మొన్న కోపంలో కూతురి మీద చెయ్యి చేసుకున్నాను. అది నాతో మాట్లాడటం మానేసింది. లోపం ఎక్కడుందండీ?"

గురువుగారు మంగతాయారు సంగతి ఎత్తుకున్నారు.

మంగతాయారు సంఘంలో ముప్పై మంది ఆడవాళ్లు లేసు అల్లుతారు. వీడియో కాల్‌లో పనితనం చూపిస్తే ఢిల్లీ ప్రదర్శనలో చోటిస్తామన్నారు. రెండుసార్లు కాల్ వచ్చింది. రెండుసార్లూ వైఫై వస్తూ పోతూ, మాట సగంలోనే ఆగిపోయింది. మూడోదే ఆఖరన్నారు. ఏడాది కష్టం నీళ్లపాలయ్యేలా ఉంది. వైఫై పెట్టినతను వైరు మార్చాడు, పాస్‌వర్డు మార్చాడు, చివరికి మీ ఫోనుదే తప్పని చేతులు దులుపుకున్నాడు.

ఆ మూడో కాల్ రావాల్సిన రోజు ఉదయం గురువుగారు అక్కడికి వెళ్లి దేన్నీ ముట్టుకోలేదు. మంగతాయారు ఫోను చేతిలో పట్టుకుని, టీ తాగుతూ అరగంట కూర్చున్నారు. తర్వాత రౌటర్ ఏదని అడిగారు.

"దసరాకి ఆయుధపూజ చేశామండీ," అంది మంగతాయారు. "సూదులైతే తీసేసుకున్నాం గానీ, బొట్టు పెట్టినదాన్ని దేవుడి పక్కనుంచి దించడానికి మనసొప్పలేదు."

వాళ్ల దేవుడుండేది ఇనప బీరువా పై అరలో, దారం ఉండేది కింది అరలో. వెనక చిల్లులోంచి వైరు లాగి, దుమ్ము పడకుండా తలుపు మూసి ఉంచేవారు. ఎవరో ఒకరు దారానికి తలుపు తీసేవారు, ఫోనులో వైఫై గీతలు నిండేవి. మూసేవారు, పోయేవి. దారం కోసం వెళ్లినవాళ్లు దారాన్నే చూశారు మరి.

"దారం తీసినప్పుడల్లా వస్తోంది చూశావా అమ్మా," అన్నారు గురువుగారు.

మంగతాయారు లెంపలేసుకుని, రౌటర్‌ని దించి బల్ల మీద పెట్టింది. పదకొండింటికి కాల్ వచ్చింది. యాభై నిమిషాలు ఒక్కసారైనా తెగలేదు. ఆమె లేసు దుప్పటిని మడత మడతా విప్పి చూపించింది. అవతలివాళ్లు చోటు మీదేనన్నారు. ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి. వీధిన పోయేవాళ్లు పెళ్లేమో అనుకుని తొంగి చూశారు. మంగతాయారు ఏడుస్తూనే నవ్వింది.

వింటున్న మాకూ పట్టరాని సంతోషం కలిగింది. శోభనాద్రి అయితే తన బాధ మరిచిపోయి తొడ చరిచాడు.

గురువుగారు అతనివైపు తిరిగారు. "నా మాటలు పుస్తకంలో రాసుకుంటావు కదా, అదెక్కడ పెట్టావు నాయనా?"

"పట్టుగుడ్డలో చుట్టి, దేవుడి మందిరంలో పెట్టానండీ. రోజూ పువ్వు పెడతాను."

"బొట్టు మంగతాయారు కూడా పెట్టింది," అన్నారు గురువుగారు.