కాలవ వైపు లాగే కారు

జమీందారు గారి పాత కారు కాలవ పక్కన వేసిన కొత్త రోడ్డెక్కిందంటే ఎడమకి, కాలవ వైపుకి లాగేస్తోంది. ఆ రోడ్డు వేయించిన దివాను, "చక్రాలు వంకరపోయాయి. డ్రైవరు దాలయ్యే పాడుచేశాడు, పన్లోంచి తీసెయ్యండి" అన్నాడు.

దాలయ్య ఇద్దర్నీ ఎక్కించుకుని, అదే రోడ్డు మీద స్టీరింగు వదిలేశాడు. కారు ఎడమకి పోయింది. కారు వెనక్కి తిప్పి, తిరుగుదారిలో మళ్లీ వదిలాడు. ఈసారి కుడికి పోయింది.

జమీందారుకి బుర్ర తిరిగిపోయింది. "ఎడమకి లాగే కారు కుడికెలా లాగిందిరా?"

"రెండుసార్లూ కాలవ వైపే లాగింది బాబూ. చక్రాల వంకరైతే కారుతో పాటే తిరగాలి. ఇది తిరగలేదు, కాలవ వైపుకి వాలిన రోడ్డులోనే ఉండిపోయింది. నన్ను తీసేస్తే రోడ్డు చదునవుతుందేమో, దివాను గారినే అడగండి."