గురువుగారి బంతి మౌసు

“చేతికి సుఖంగా ఉండే మౌసు చూసుకోవడం అపచారమా, స్వామీ?” అని వకుళ ఒకనాడు తోటి శిష్యులందరి ముందే తన గురువుగారిని అడిగింది.

శఠకోపాచార్యులుగారు తాళపత్రాల ఫోటోలను కంప్యూటర్లో పెట్టి, చెదలు తిన్న అక్షరాలను మళ్లీ గీసి నిలబెట్టే విద్య నేర్పేవారు. ఆయన మౌసు అందరిలాంటిది కాదు. ఒకచోట కదలకుండా కూర్చుని, నెత్తిన పెద్ద బంతిని మోసే రకం. ఆ బంతిని అరచేత్తో దొర్లిస్తే తెరమీద బాణం గుర్తు కదులుతుంది. దానిమీద గురువుగారి కుడిచేయి ఎప్పుడూ ఉత్తరీయం కింద పిడికిలిలా కనిపించేది. ఇంకేం, శిష్యులందరూ అదే మౌసు కొన్నారు. వేళ్లు ముడిచి, పిడికిలితో బంతిని దొర్లించడమే సాధన అనుకున్నారు. ఎందుకని అడిగినవాడు లేడు. భక్తి ముదిరితే నోరు పెగలదు కాబోలు! సాధన ఇళ్లలో సాగేది గనుక, గురువుగారు చూసేది పూర్తయిన పత్రాన్నే.

వకుళ గీసిన అక్షరాన్ని పాత అక్షరం పక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. అలాంటి పిల్లకు మణికట్టు నుంచి మోచేతిదాకా పోటు మొదలైంది. ఇలాగే సాగితే ఆ చెయ్యి ఇక కలం కూడా పట్టదని డాక్టరు చెప్పేశాడు. ఆమె బతుకంతా ఆ చేతిలోనే ఉంది.

“ఏదీ, నా ఎదుట ఒక అక్షరం గియ్యి” అన్నారు గురువుగారు.

ఆమె పిడికిలి బిగించి బంతిమీద ఆనించింది. ఆయన ఉలిక్కిపడ్డారు.

“వేళ్లెందుకమ్మా ముడిచావు?”

“మీరూ అంతే కదా, స్వామీ.”

ఆచార్యులవారి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. మెల్లగా ఉత్తరీయం తీశారు. బొటనవేలు తప్ప అరచేతి తర్వాత ఏమీ లేదు. పడుచుతనంలో ప్రెస్సులో పనిచేస్తుండగా, కాగితాలు కోసే యంత్రం నాలుగు వేళ్లనూ మొదలంటా తీసుకుపోయిందట. వకుళ కెవ్వుమంది. మిగతా శిష్యులు ఉన్నపళంగా లేచి నిలబడ్డారు. ఎవరి పిడికిలి వారికి చూసుకోవాలంటే భయం వేసింది.

ఆయన ఎడమచేత్తో వకుళ వేళ్లను ఒక్కొక్కటే విప్పసాగారు. చిటికెనవేలు తిన్నగా రాలేదు. మళ్లీ ప్రయత్నిస్తే ఆమె పళ్లు బిగబట్టింది. ఎంత ఘోరం! గురువుగారు ఆ వేలిని వదల్లేక, పట్టుకోలేక సతమతమయ్యారు.

“నేను అడగలేదే, అమ్మాయ్” అన్నారు చివరికి. “గురుదక్షిణగా వేళ్లు నేను అడగలేదే!”